నా ల్యాప్‌టాప్‌లో పాసవుతోంది కదా!

ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ చుట్టుపక్కల, విద్యానగర్‌లోనో తార్నాకలోనో గది తీసుకుని ప్రాజెక్టు చేసుకునే జట్లు తమకు తెలియకుండానే క్రాస్-ప్లాట్‌ఫామ్ జట్లయిపోతాయి. ఒకరి దగ్గర కాలేజీలో చేరినప్పుడు ఇంట్లో కొనిచ్చిన విండోస్ ల్యాప్‌టాప్ ఉంటుంది. ఇంకొకరు అలాంటి దాని మీదే ఉబుంటు వేసుకుని ఉంటారు. మూడో మనిషికి అమెరికా నుంచి వచ్చిన అన్నయ్య తన పాత మ్యాక్‌బుక్ వదిలి వెళ్ళి ఉంటాడు. కోడ్ ఒకటే, గిట్‌హబ్‌లో రిపాజిటరీ ఒకటే. టెస్టుల ఫలితాలు మాత్రం మూడు రకాలు.

ఈ అధ్యాయమంతా అలాంటి ఒక ప్రాజెక్టును ఊహించుకుని నడుద్దాం. హైదరాబాద్ బస్తీల చరిత్ర చెప్పే చిన్న యాప్. ఒక్కో బస్తీకి ఒక్కో టెక్స్ట్ ఫైలు, ఫైలు పేరు తెలుగులోనే. బస్తీ పేరు టైప్ చేస్తే దాని కథ తెరమీదకు రావాలి. జట్టు ఊహించినదే గానీ, ఇక్కడ చెప్పబోయే ఒక్కో తప్పూ మీ ప్రాజెక్టులో రేపు ఎదురుకాగలదు. ఎందుకంటే అవన్నీ ఆపరేటింగ్ సిస్టమ్‌ల స్వభావంలోనే ఉన్నాయి.

సీనియర్ అడిగాడు, టెస్టులు ఎట్లున్నయని.

"నా దాంట్ల అన్నీ మంచిగనే పాసైతున్నయ్ అన్నా. వాని మ్యాక్‌లనే ఏదో లొల్లి."

"మరేం చేసినవ్ తమ్మీ?"

"మ్యాక్‌ల ఆ ఒక్క టెస్టుకు స్కిప్ పెట్టిన."

ఇంత చిన్న మాటతో ఆ తమ్ముడు చాలా పెద్ద నిర్ణయం తీసేసుకున్నాడు. తప్పు కోడ్‌లో లేదు, టెస్టులో లేదు, మ్యాక్‌లో ఉందని తేల్చేశాడు. అలా తేల్చడానికి ముందు ఏం చూడాలో నేర్చుకుంటే చాలు, టెస్టుల నిర్వహణలో సగానికి పైగా వచ్చేసినట్టే.

యూనిట్ టెస్టు అంటే మీకు తెలిసిందే. ఒక చిన్న ఫంక్షన్‌కు ఒక ఇన్‌పుట్ ఇచ్చి, రావాల్సిన జవాబు వచ్చిందా లేదా అని చూస్తుంది. అది ఫెయిలైతే తప్పు మూడు చోట్లలో ఎక్కడో ఉంటుంది. కోడ్ తప్పు కావచ్చు. టెస్టులో మనం రాసుకున్న జవాబే తప్పు కావచ్చు. లేదా ఆ రెండూ పైకి చెప్పకుండా ఆధారపడుతున్న పరిసరం మారి ఉండవచ్చు: ఫైల్ సిస్టమ్, గడియారం, లైబ్రరీ వెర్షన్, భాష సెట్టింగు. ఒక్క మెషీన్‌లోనే ఫెయిలయ్యే టెస్టుల్లో చాలావరకు ఈ మూడో రకం. అలాంటి టెస్టు కనబడగానే ఆ మెషీన్‌ను అనుమానిస్తాం. నేనైతే పాసవుతున్న మిగతా రెండు మెషీన్లనే ముందు అనుమానించమంటాను. మన కోడ్ దేన్నో గుడ్డిగా నమ్మింది. ఆ నమ్మకం ఆ రెండు చోట్ల అదృష్టవశాత్తూ నిజమైంది, అంతే.

సరే, ఆ మ్యాక్ టెస్టును తెరిచి చూద్దాం.

ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ళ పేర్లు చదివి, మన దగ్గరున్న జాబితాతో పోల్చడమే దాని పని. జాబితాలో తార్నాక, విద్యానగర్, నల్లకుంట, సైదాబాద్, హైదరాబాద్ అని అయిదు పేర్లు. ఉబుంటులో, విండోస్‌లో అయిదూ సరిపోయాయి. పాత మ్యాక్‌లో మొదటి మూడూ సరిపోయి, సైదాబాద్, హైదరాబాద్ మాత్రం "దొరకలేదు" అని వచ్చాయి. ఫోల్డర్ తెరిచి చూస్తే ఆ రెండు ఫైళ్ళూ కళ్ళెదుటే ఉన్నాయి. పేర్లలో అక్షరం తేడా కనబడదు.

ఇక్కడే చాలామంది విసిగిపోయి స్కిప్ పెడతారు. మీరు మాత్రం ఫెయిలైన రెండు పేర్లనూ పక్కపక్కన రాసుకోండి. మొదటి మూడింటిలో లేనిది, ఈ రెండింటిలో ఉన్నది ఏమిటి? ఐత్వం. సై, హై.

యూనికోడ్‌లో తెలుగు ఐత్వాన్ని రెండు విధాలుగా రాయవచ్చు. ఒకే గుర్తుగా రాయవచ్చు, లేదా ఎత్వం పక్కన ఐత్వపు కింది గుర్తును విడిగా చేర్చి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. రెండూ సమానమని యూనికోడ్ ప్రమాణమే చెబుతుంది. తెలుగు గుణింతాల్లో ఇలా విడదీయగలిగేది ఐత్వం ఒక్కటే. ఆపిల్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైలు పేర్లను విడదీసిన రూపంలోనే దాచుకునేది. 2017లో వచ్చిన హై సియెర్రాతో మ్యాక్‌లు కొత్త ఫైల్ సిస్టమ్‌కు మారడం మొదలైంది. అది పేరును మనం ఇచ్చినట్టే ఉంచుతుంది. అందుకే కొత్త మ్యాక్ ఉన్న స్నేహితుడి దగ్గర ఈ టెస్టు పాసవుతుంది, అన్నయ్య వదిలి వెళ్ళిన పాతదానిలో కాదు. మనం "హైదరాబాద్" అని 9 గుర్తులతో రాసిన పేరు అక్కడ 10 గుర్తులతో తిరిగి వచ్చింది. యూటీఎఫ్-8లో 27 బైట్లది 30 బైట్లయింది. కంటికి రెండూ ఒకటే. పోల్చి చూసే ఫంక్షన్‌కు రెండు వేర్వేరు పేర్లు.

ఇప్పుడు స్కిప్ పెట్టిన తమ్ముడి యాప్‌కు ఏమవుతుందో ఊహించండి. హైదరాబాద్ చరిత్ర చెప్పే యాప్‌లో ఎవరో "హైదరాబాద్" అని టైప్ చేస్తే "ఫలితాలు లేవు" అని వస్తుంది. అదీ పాత మ్యాక్‌లోనే కాదు. ఆ మ్యాక్‌లో జిప్ చేసి పంపిన ఫైళ్ళను ఉబుంటులో విప్పినా రావచ్చు. టెస్టు చెప్పింది యూజర్ దాకా వెళ్ళే నిజమైన తప్పును. దాని నోరు మూయించాం, తప్పు అలాగే ఉంది.

సరైన మరమ్మతు రెండు లైన్లు కూడా కాదు. బయటి నుంచి పేరు లోపలికి వచ్చే చోట, అంటే ఫైలు పేరు చదివేటప్పుడూ యూజర్ టైప్ చేసినది అందుకునేటప్పుడూ, దాన్ని ఒకే రూపానికి మార్చుకోవాలి. దీన్నే నార్మలైజేషన్ అంటారు, దాదాపు ప్రతి భాషలోనూ సిద్ధంగా ఉన్న ఫంక్షన్. దాన్ని టెస్టులో పెట్టి పోలిక సరిపోయేలా చేస్తే లాభం లేదు, కోడ్‌లో పెట్టాలి. ఆ తర్వాత రెండో టెస్టు ఒకటి కొత్తగా రాయాలి. విడదీసిన రూపంలో ఉన్న "హైదరాబాద్"ను నేరుగా ఇచ్చి వెతికించే టెస్టు. దానికి ఏ ఫైల్ సిస్టమూ అక్కర్లేదు కాబట్టి మూడు మెషీన్లలోనూ ఒకేలా నడుస్తుంది. పాత మ్యాక్ పాడైపోయి మూలన పడినా, అది కనిపెట్టిన తప్పును పట్టుకునే టెస్టు మీ దగ్గర ఉండిపోతుంది. ప్లాట్‌ఫామ్ వల్ల బయటపడిన తప్పును ఏ ప్లాట్‌ఫామ్ అవసరమూ లేని టెస్టుగా మార్చుకోవడం: ఈ అధ్యాయంలో మీరు ఒక్క పని అలవాటు చేసుకోవాలనుకుంటే, ఇదే చేసుకోండి.

అర్ధరాత్రి ఫెయిలయ్యే టెస్టు

హాస్టల్లో చదువైనా కోడింగైనా రాత్రిళ్ళే సాగుతాయి. ఆ యాప్‌లో "ఈ రోజు విశేషం" చూపే ఫంక్షన్ ఉంది. రాత్రి ఒంటిగంటకు టెస్టులు నడిపితే దానిది ఎర్రగా వస్తుంది. పొద్దున లేచి చూపిద్దామని నడిపితే పచ్చగా ఉంటుంది. సీఐలో, అంటే మనం కోడ్ పంపగానే టెస్టులన్నీ దానంతట అదే నడిపే సర్వర్లో, ఎప్పుడూ పచ్చే. నేను చూసిన విద్యార్థి ప్రాజెక్టుల్లో ఇలాంటి టెస్టును "దాని మూడ్‌ను బట్టి పాసవుతుంది" అని వదిలేసినవి ఉన్నాయి. టెస్టుకు మూడ్ ఉండదు.

ఫంక్షన్ తేదీని యూటీసీ ప్రకారం తీసుకుంటోంది. టెస్టు ల్యాప్‌టాప్ గడియారం ప్రకారం తీసుకుంటోంది. మన సమయం యూటీసీ కంటే అయిదున్నర గంటలు ముందు. కాబట్టి మనకు రాత్రి పన్నెండు దాటి తేదీ మారినా, తెల్లవారుజామున అయిదున్నర దాకా యూటీసీలో ఇంకా నిన్నటి తేదీయే. ఆ అయిదున్నర గంటల్లోనే టెస్టు ఫెయిలవుతుంది. సీఐ మెషీన్ గడియారం ఎలాగూ యూటీసీయే కాబట్టి అక్కడ తేడా ఎప్పటికీ బయటపడదు. సీఐ పచ్చగా ఉంది కదా అని ధీమాగా ఉండే జట్లకు నేను ఈ ఉదాహరణే చెబుతాను. ఆ మెషీన్‌కూ కొన్ని విషయాలు కనబడవు.

దీనికి మందు గడియారాన్ని ఫంక్షన్ చేతిలోంచి తీసేయడం. ఇప్పుడు సమయం ఎంత అన్నది ఫంక్షన్ తనంతట తాను చూసుకోకుండా, బయటి నుంచి అందుకోవాలి. అప్పుడు టెస్టులో మీ ఇష్టం వచ్చిన సమయం ఇవ్వవచ్చు. భారత కాలమానం ప్రకారం రాత్రి 12:10 ఇవ్వండి, 5:40 ఇవ్వండి, రెంటికీ ఒకే తేదీ విశేషం రావాలని రాయండి. మీ జట్టులో ఎవరైనా డాలస్ నుంచి పనిచేస్తుంటే ఇంకో రెండు టెస్టులు చేర్చండి. అక్కడ మార్చిలో ఒక రోజుకు 23 గంటలు, నవంబర్‌లో ఒక రోజుకు 25 గంటలు. గడియారం ముందుకూ వెనక్కూ జరిపే అలవాటు లేని దేశంలో పెరిగిన మనకు అది టెస్టులో రాసుకుంటే తప్ప గుర్తుకు రాదు.

మిగతా మామూలు అనుమానితులను త్వరగా చూసేద్దాం. విండోస్‌లో లైను చివర రెండు గుర్తులు, లినక్స్‌లో ఒకటి. ఆర్ట్స్ కాలేజీ భవనం ఏ సంవత్సరానిదో ఫైలు నుంచి చదివితే "1939" వెనకాల కనబడని గుర్తొకటి అతుక్కుని రావచ్చు, పోలిక ఫెయిలవుతుంది. గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైలులో లైను ముగింపు ఎలా ఉండాలో ఒకసారి నిర్ణయించి రాసేస్తే ఈ గొడవ చాలావరకు పోతుంది. విండోస్‌లో పైథాన్ ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ చెప్పకపోతే, అది మామూలుగా సీపీ-1252 లాంటి పాత పట్టికను పట్టుకుంటుంది, అందులో తెలుగు అక్షరానికి చోటే లేదు. పైథాన్ 3.15 నుంచి యూటీఎఫ్-8 డిఫాల్ట్ అవుతోంది గానీ, అందాకా ఎదురుచూడకుండా ప్రతిచోటా స్పష్టంగా రాయండి. విండోస్, మ్యాక్ మామూలుగా ఫైలు పేర్లలో ఇంగ్లిష్ పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోవు, లినక్స్ పట్టించుకుంటుంది. ఫోల్డర్‌లోని ఫైళ్ళు ఏ వరసలో వస్తాయన్నది ఎవరూ హామీ ఇవ్వరు, కావాలంటే మీరే వరస పెట్టుకోండి. సీ భాషలో రాసేవారికి ఇంకొకటి: తెలుగు అక్షరంలో మొదటి బైటు విలువ 224. చార్ అనే రకంలో దాన్ని పెడితే మామూలు ఇంటెల్ మెషీన్‌లో మైనస్ 32 అయిపోతుంది, ఆర్మ్ చిప్ మీది లినక్స్‌లో 224గానే ఉంటుంది. "127 కంటే ఎక్కువైతే ఇంగ్లిష్ కాదు" అని రాసుకున్న షరతు ఒకచోట పనిచేసి ఇంకోచోట చేయదు. ఇంగ్లిష్ మాటలతోనే టెస్టులు రాస్తే ఇది జన్మలో బయటపడదు. తెలుగు యాప్‌కు తెలుగుతోనే టెస్టులు రాయండి.

టెస్టే తప్పైనప్పుడు

ఎర్రబడిన ప్రతిసారీ కోడ్‌నే మార్చాలని కాదు. ఒక ఉదాహరణ మీ బస్తీ పేరులోనే ఉంది.

"విద్యానగర్"లో ఎన్ని అక్షరాలు? బళ్ళో లెక్కపెట్టినట్టు లెక్కపెడితే వి, ద్యా, న, గ, ర్ అని అయిదు. చాలాకాలం యూనికోడ్ సాధారణ నియమం మాత్రం పొల్లు దగ్గర తెంచేది: వి, ద్, యా, న, గ, ర్. ఆరు. ఆ నియమాన్ని అనుసరించిన లైబ్రరీతో ఎవరో టెస్టు రాశారు, వచ్చిన జవాబునే సరైన జవాబుగా పెట్టేశారు: 6. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన యూనికోడ్ 15.1 ఈ నియమాన్ని సవరించింది. దేవనాగరి, బెంగాలీ, తెలుగు వంటి కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని విడగొట్టకుండా ఒకే యూనిట్‌గా చూడమంది. లైబ్రరీ కొత్తదైన మెషీన్‌లో ఇప్పుడు 5 వస్తుంది, టెస్టు ఫెయిలవుతుంది.

ఇక్కడ నేను చాలాసార్లు చూసిన మరమ్మతు ఏమిటంటే, ఈ ప్లాట్‌ఫామ్ అయితే 5, ఆ ప్లాట్‌ఫామ్ అయితే 6 అని టెస్టులోనే షరతు రాసేయడం. అన్నీ పచ్చగా మారతాయి. ఆ క్షణం నుంచి టెస్టు ఏ పనీ చేయడం లేదు. ఏది సరైనదో మనకు అభిప్రాయం లేదని రాతపూర్వకంగా ఒప్పుకున్నాం.

కూర్చుని ఆలోచించాల్సింది యాప్‌కు ఏం కావాలన్నది. పదకేళి లాంటి ఆట కోసం అక్షరాలు లెక్కపెడుతుంటే 5 తప్ప ఇంకో జవాబు లేదు. ఏ తెలుగు పిల్లవాడూ ద్యాను రెండక్షరాలు అనడు. పాత టెస్టులోని 6 అసలు మొదటి నుంచీ తప్పే. దాన్ని మార్చి, అన్ని మెషీన్లలోనూ ఒకే వెర్షన్ లైబ్రరీ ఉండేలా చూసుకోవాలి. బ్యాక్‌స్పేస్ ఒకసారి కొడితే ఎంత చెరగాలన్నది వేరే ప్రశ్న. ద్యా టైప్ చేయబోయి ద్వా కొట్టినవాడికి అక్షరమంతా చెరిగిపోతే చిరాకే. అందుకని దానికి వేరే ఫంక్షన్, వేరే టెస్టు ఉండాలి. టెస్టును మరమ్మతు చేసేటప్పుడు "ఈ ఫంక్షన్‌కు ఇది ఇస్తే ఇది రావాలి, ఎందుకంటే..." అని ఒక వాక్యం తెలుగులో రాయండి. "ఎందుకంటే" తర్వాత ఏమీ తోచకపోతే మీరు ఇంకా మరమ్మతుకు సిద్ధంగా లేరు.

పొల్లు, సంయుక్తాక్షరం మనకు సొంత గొడవలని పెద్ద సంస్థలు అనుకోలేని రోజొకటి వచ్చింది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు "జ్ఞా" అనే ఒక్క అక్షరం పంపితే మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.5తో పాటు మ్యాక్‌లు, ఆపిల్ వాచ్‌లు కూడా దెబ్బతిన్నాయి. మామూలుగా మనం రాసే జ్ఞా కాదది. జ, పొల్లు, ఞ తర్వాత, దీర్ఘానికి ముందు, కంటికి కనబడని నాన్-జాయినర్ గుర్తు ఒకటి ఉన్న వరస. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ అలాంటి వరసలు అదే పని చేశాయి. అక్షరాలను తెరమీద పేర్చే కోడ్‌లో మెమరీ తప్పు అది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. ప్రపంచమంతా ఆ అక్షరాన్ని ఒక వింతగా చెప్పుకుంది. నాకు మాత్రం అది ఒక ఖాళీ టెస్టు ఫైలు గురించిన వార్తగానే గుర్తుంది. హల్లు, పొల్లు, హల్లు, నాన్-జాయినర్, గుణింతం: ఈ అయిదింటి కలయికలన్నీ ఒక లూప్‌లో తయారుచేసి పేర్చి చూడడం ఒక విద్యార్థి ఒక సాయంత్రం రాయగల టెస్టు. తెలుగు తెలిసినవాడికి మాత్రమే తోచే టెస్టు కూడా. మన భాషలో సాఫ్ట్‌వేర్ బాగుండాలని మీకు నిజంగా ఉంటే, అది మొదలుపెట్టడానికి పెద్ద కంపెనీలో ఉద్యోగం రానక్కర్లేదు.

పచ్చగా ఉంచుకోవడం

బాగుచేయడం ఒక ఎత్తు, బాగున్నవాటిని కాపాడుకోవడం ఇంకో ఎత్తు. కోడ్ మారకుండానే ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే వాటిని ఫ్లేకీ టెస్టులంటారు. గూగుల్ 2016లో తన లెక్కలు బయటపెట్టింది. మొత్తం టెస్టు రన్‌లలో దాదాపు 1.5 శాతం ఇలాంటివే, టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఈ జబ్బు ఉంది. పాస్ నుంచి ఫెయిల్‌కు మారిన సందర్భాల్లో 84 శాతంలో ఏదో ఒక ఫ్లేకీ టెస్టు ఉంది. అంత పెద్ద సంస్థలోనే అలా ఉంటే మనమెంత అని సరిపెట్టుకోవడానికి కాదు ఈ అంకెలు చెబుతున్నది. వాళ్ళు లెక్కపెట్టారు. మీ ప్రాజెక్టులో ఎన్ని ఉన్నాయో మీరూ లెక్కపెట్టవచ్చు. రాత్రి పడుకునే ముందు టెస్టులన్నీ పదేపదే నడిచేలా పెట్టి, పొద్దున ఏవి ఎన్నిసార్లు ఫెయిలయ్యాయో చూడండి. అర్ధరాత్రి గురించి పైన చెప్పింది గుర్తుంటే, రాత్రే ఎందుకు పెట్టమంటున్నానో తెలుస్తుంది.

ఫ్లేకీ టెస్టును మళ్ళీ మళ్ళీ నడిపి పాసయ్యేదాకా చూడడం జట్టుకు పట్టే చెడ్డ అలవాటు. ఎరుపంటే భయం పోతుంది. నిజమైన తప్పుతో ఎర్రబడిన రోజు కూడా ఎవరో "ఇంకోసారి కొట్టు, అదే పోతది" అంటారు. కొన్నాళ్ళు పక్కన పెట్టక తప్పని టెస్టులూ ఉంటాయి, ఒప్పుకుంటాను. అప్పుడు స్కిప్ పక్కన మూడు సంగతులు రాయండి: ఎవరు పెట్టారు, ఎందుకు, ఏ తేదీ దాకా. తేదీ దాటితే టెస్టు దానంతట అదే ఫెయిలయ్యేలా చిన్న చెక్ రాయవచ్చు.

ఇక మెషీన్ల సంగతి. మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు గదిలో లేకపోయినా ఫర్వాలేదు. పబ్లిక్ రిపాజిటరీలకు గిట్‌హబ్ యాక్షన్స్ లినక్స్, విండోస్, మ్యాక్ మామూలు రన్నర్లను మూడింటినీ ఉచితంగా ఇస్తుంది. ప్రతి మార్పుకూ మూడింటిలోనూ నడిచేలా మొదటి వారంలోనే పెట్టుకోండి. ఒక రన్నర్‌లో టైమ్‌జోన్‌ను కావాలనే భారత కాలమానానికి మార్చండి, ఇంకొకదానిలో భాష సెట్టింగును తెలుగు చేయండి. లక్షను 1,00,000 అని రాయాలో 100,000 అని రాయాలో మీ కోడ్ ఎక్కడెక్కడ మెషీన్‌ను అడిగి తెలుసుకుంటోందో ఆ రోజే బయటపడుతుంది. ఫైనల్ ఇయర్ చివర్లో, వైవాకు ముందు రోజు ఇది పెట్టుకునేవారిని చూస్తుంటాను. అప్పటికి ఎర్రబడినవి ఎన్ని ఉంటాయంటే, స్కిప్ తప్ప దారి కనబడదు.

ఈ రాత్రికి ఒక పని పెట్టుకోండి. మీ రిపాజిటరీలో స్కిప్ అని ఉన్న చోట్లన్నీ వెతకండి. అన్నిటికంటే పాతది తీసుకోండి. గిట్ చరిత్రలో అది ఎప్పుడు, ఎవరు పెట్టారో చూసి, వాళ్ళనే అడగండి. చాలామంది "ఏమో అన్నా, యాదికి లేదు" అంటారు, కోప్పడకండి. స్కిప్ తీసి మూడు ప్లాట్‌ఫామ్‌ల మీదా నడిపించండి. పాసైతే స్కిప్ లేకుండానే పంపేయండి. ఫెయిలైతే వచ్చిన జవాబునూ రావాల్సిన జవాబునూ ఒకదాని కింద ఒకటి రాసుకుని, కంటికి ఒకేలా ఉంటే బైట్లలోకి మార్చి చూడండి. ఆ టెస్టు పరీక్షించే ఫంక్షనే ఇప్పుడు కోడ్‌లో లేకపోతే టెస్టును పూర్తిగా తీసేసి, ఎందుకు తీశారో కమిట్ సందేశంలో ఒక వాక్యం రాయండి.